రిటర్నబుల్ గేట్ పాస్ మీద ఒక స్ట్రైకర్

2017 జూన్‌లో నేను విశాఖపట్నం పోర్టులో ఓడల్లోకి సరుకు ఎక్కించి దింపే ఒక ప్రైవేటు కంపెనీలో సంక్షేమాధికారిగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో అదే ఉద్యోగం చేశాను. సంక్షేమాధికారి పని ఏమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. క్యాంటీన్ సాంబారు పల్చబడినా, విశ్రాంతి గదిలో ఫ్యాను ఆగినా, కార్మికులకు యాజమాన్యం మీద కోపం వచ్చినా, యాజమాన్యానికి కార్మికుల మీద కోపం వచ్చినా, మధ్యలో నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినడానికి చట్టప్రకారం నియమించిన మనిషి. హోదాలో డిప్యూటీ మేనేజరుతో సమానం. కుర్చీ మాత్రం టైమ్ ఆఫీసు పక్కన, బొగ్గు దుమ్ము తిన్నగా వచ్చి పడే కిటికీ కింద.

ఆ ఉద్యోగంతో పాటు నేను అడగని పదవి ఇంకొకటి అంటగట్టారు. కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకి కార్యదర్శిని. ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా గోల్‌కీపరు ఒక్కడే బంతిని చేత్తో పట్టుకోవచ్చని. అది కూడా తెలియనివాళ్లు ఆఫీసర్లలో ఉండబట్టి నన్ను నిపుణుడి కింద లెక్కవేశారు.

కంపెనీ జట్టంటే ఏదో పేరుకి ఉంటుందనుకుని చేరాను. నగరంలోనూ చుట్టుపక్కలా ఉన్న కంపెనీల జట్లన్నీ కలిసి శీతాకాలంలో ఒక లీగ్ ఆడతాయి. మా మ్యాచ్ ఉన్న రోజున షిఫ్టు మార్చుకుంటామని నాకు వచ్చే అర్జీలు పండగలకు కూడా రావు. మా వాళ్లు ఆటను చూసేది తొంభై నిమిషాలు. దాని గురించి కొట్టుకునేది మిగతా వారమంతా. ఆ కొట్లాటకు వేదిక వన్ టౌన్ వైపు గేటు బయట ఉన్న నారాయణమ్మ టీ బడ్డీ. అక్కడ రెండు పక్షాలు. ఒక పక్షానికి పెద్ద క్రేను ఆపరేటరు అప్పలనాయుడు. ఇరవై ఏళ్లు అంత ఎత్తున కూర్చుని పని చేసినందువల్ల కాబోలు, నేల మీద నిలబడినప్పుడు కూడా పైనుంచే మాట్లాడేవాడు. రెండో పక్షానికి టాలీ క్లర్కు కొండబాబు. ఓడ నుంచి దిగే బస్తాలను లెక్కపెట్టి రాసేవాడిని టాలీ క్లర్కు అంటారు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అది ఐదు. దాన్ని కట్ట అంటారు. కొండబాబు మా ఆటగాళ్ల గోల్స్‌ని కూడా బడ్డీ గోడ మీద బొగ్గుముక్కతో అలాగే గీసేవాడు.

ఆ ఏడాది జట్టులో నూకరాజు అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఉండేవాడు. ఫిషింగ్ హార్బరు దగ్గర వాళ్ల ఇల్లు. మా వర్క్‌షాపులో డీజిల్ మెకానిక్ అప్రెంటిస్. వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టాడు గాని పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకని తండ్రి వాడి మీద ఆశ వదులుకున్నాడు. పరుగులో మా జట్టు మొత్తంలో వాడికి సాటి లేరు. కాని వాడు ఆడే చోటు పైడిరాజుది. పైడిరాజుకి ముప్పై ఆరేళ్లు, రెండు మోకాళ్లకూ పట్టీలు. అయినా పూర్వం ఎప్పుడో ఫైనల్లో మూడు గోల్స్ కొట్టాడు కనుక, పైగా అప్పలనాయుడికి బావమరిది కనుక, అతన్ని కదిపే ధైర్యం మా కోచ్‌కి లేదు. నవంబరు వచ్చేసరికి గోడ మీద పైడిరాజు గీతలు ఇంకా అడ్డగీత దాకా రాలేదు. నూకరాజు బెంచి మీద కూర్చుని అందరి నీళ్ల సీసాలు కాపలా కాసేవాడు.

వాడికి ఇది ఆట మాత్రమే కాదు. అప్రెంటిస్ గడువు మార్చి నెలాఖరుకి అయిపోతుంది. ఆ తర్వాత ఇంటికి. మా కంపెనీలో క్రీడల కోటా కింద ఏటా ఒక అప్రెంటిస్‌ని పర్మనెంటు చేసుకోవచ్చు. దానికి నిబంధన ఉంది: ఆ సీజన్లో గుర్తింపు ఉన్న లీగ్‌లో, కంపెనీ రాతపూర్వకమైన అనుమతితో, పది పూర్తి మ్యాచ్‌లు ఆడి ఉండాలి. పూర్తి అంటే మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా. మధ్యలో దిగినా, మధ్యలో బయటికి వచ్చినా ఆ మ్యాచ్ లెక్కలోకి రాదు. నూకరాజు ఖాతాలో అప్పటికి పూర్తి మ్యాచ్ ఒక్కటి కూడా లేదు.

డిసెంబరు మొదట్లో పరవాడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ఒక మందుల కంపెనీ ఆ ఏడే జట్టు పెట్టింది. వాళ్లకు గోల్స్ కొట్టే స్ట్రైకర్ లేడు. మీ దగ్గర బెంచి మీద ఉన్న కుర్రాణ్ని ఈ సీజన్‌కి మాకు ఇవ్వండి, సీజన్ అయ్యాక మీ మనిషిని మీకు పంపేస్తాం అని సారాంశం. దీన్ని లోన్ అంటారని నాకు కొండబాబు చెప్పాడు. వాళ్లకు ఇంకా పదకొండు మ్యాచ్‌లు ఉన్నాయి, చివరిది మా మీదే. మా మీద ఆడకుండా చూసినా పది మిగులుతాయి. చేతివేళ్ల మీద లెక్కవేసుకుని సంతోషించాను.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను. పది మ్యాచ్‌ల సంగతి నూకరాజుకి తప్ప ఎవరికీ చెప్పలేదు, వాణ్ని కూడా చెప్పవద్దన్నాను. ఆ నిబంధన ఉన్న ఫైలు మీద ‘రహస్యం’ అని స్టాంపు ఉంది. మా కంపెనీలో ఆ స్టాంపు క్యాంటీన్ మెనూ మీద కూడా ఉండేదన్న మాట వేరే విషయం. స్టాంపు స్టాంపే అనుకునే రకాన్ని నేను.

ఉత్తరం సంగతి మాత్రం మధ్యాహ్నానికల్లా బడ్డీకి చేరింది. ఐదు రోజులు చర్చ నడిచింది. అప్పలనాయుడు పంపకూడదన్నాడు. గుంటడు ఒకసారి బయట ఆడితే మన ఆట మరిచిపోతాడని అతని వాదన. “మన ఆట ఏటుంది బావా, మర్సిపోడానికి?” అని కొండబాబు అడిగాడు. పంపితే కుర్రాడు నాలుగు మ్యాచ్‌లు ఆడి పదునెక్కుతాడని కొండబాబు పక్షం. పదునెక్కినవాణ్ని వాళ్లు తిరిగి ఎందుకిస్తారని అప్పలనాయుడి పక్షం. మరి ఇక్కడే ఆడించండి అంటే, పైడిరాజు ఉండగా ఎలా కుదురుతుందని రెండు పక్షాలూ ఒక్కసారే అరిచాయి. మూడో రోజున ఈ చర్చ వాకీటాకీలోకి కూడా ఎక్కింది. క్రేను బకెట్టు బొగ్గుతో గాల్లో వేలాడుతుండగా, ఆపరేషన్స్ చానెల్లో అప్పలనాయుడు రెండు నిమిషాల సేపు నూకరాజు ఎడమ కాలి గురించి ప్రసంగించాడు. ఓడ కెప్టెను అదేదో ప్రమాద హెచ్చరిక అనుకుని కంగారు పడ్డాడట. దాని మీద ట్రాఫిక్ మేనేజరు నాకు మెమో ఇచ్చాడు.

ఐదో రోజున నారాయణమ్మ టీ గ్లాసులు కడగడం ఆపి నిలబడింది. “అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అలగుంది మీ యవ్వారం. ఆ గుంటడిని మీరు ఆడించరు, ఇంకోలు ఆడించుకుంతామంటే ఏడుత్తన్నారు. ఏటి మీకు పోయింది?” అంది. ఆమెకు ఎదురు చెబితే మర్నాడు టీలో చక్కెర తగ్గుతుందని అందరికీ తెలుసు. రాజీ కుదిరింది. పంపుదాం, కాని మా మీద మ్యాచ్‌కి ముందురోజే, ఫిబ్రవరి 27న, వాడు తిరిగి వచ్చెయ్యాలి. క్రీడల కమిటీలో కార్మికుల ప్రతినిధి అప్పలనాయుడే కనుక ఆ షరతు కింద అతనే సంతకం పెట్టాలని కూడా తేలింది. లీగ్ నిబంధన ప్రకారం ఒక సీజన్లో ఒక్కసారే జట్టు మారవచ్చు. అంటే తిరిగి వచ్చినా ఆ ఏడు మాకు ఆడలేడు. మా వాళ్లకు దానితో పని లేదు. మా మీద ఆడకపోతే చాలు.

ఇక కావలసింది రాతపూర్వకమైన అనుమతి. ఇక్కడ నా పాండిత్యం చూపించాను. అప్రెంటిస్‌ని డెప్యుటేషన్ మీద పంపడానికి లేదు. ప్రత్యేక అనుమతి కోసం ఫైలు పెడితే అది హెడ్ ఆఫీసుకు వెళ్లి మామిడిపళ్ల కాలానికి తిరిగి వస్తుంది. నా సంతకంతో నడిచే కాగితాల్లో, బయటికి పంపి మళ్లీ తెప్పించుకోవడానికి ఉన్నది ఒక్కటే: రిటర్నబుల్ గేట్ పాస్. మోటార్లు, పంపుసెట్లు బాగుచేయించడానికి గేటు దాటించాలంటే ఆ పాస్ రాయాలి. అందులో తిరిగి వచ్చే తేదీ వేస్తారు. ఆ తేదీకి వస్తువు రాకపోతే సంతకం పెట్టిన ఆఫీసరుకు ఎర్రసిరాతో నోటీసు వస్తుంది.

గళ్లన్నీ నింపాను. వస్తువు వివరం: ఫుట్‌బాల్ ఆటగాడు, ఒకటి. సీరియల్ నంబరు: అప్రెంటిస్ టోకెన్ నంబరు. స్థితి: పనిచేయు స్థితిలో. పంపుటకు కారణం అన్నచోట మూడే అచ్చువేసి ఉన్నాయి, మరమ్మతు, గ్యాస్ నింపుట, పరీక్ష. ‘పరీక్ష’ దగ్గర టిక్కు పెట్టాను. అప్పలనాయుడు పక్కన సంతకం పెట్టాడు.

గేటు దగ్గర డ్యూటీలో ఉన్నది మాజీ సైనికుడైన హవల్దారు. నవ్వడం ఆయన సర్వీసు నిబంధనల్లో లేదు. పాస్ రెండుసార్లు చదివి, నూకరాజు వైపు చూసి, “బరువు గడి ఖాళీగా వదిలేశారు సార్” అన్నాడు. వదిలేశానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కుర్రాణ్ని లారీలు తూచే వేబ్రిడ్జి మీద నిలబెట్టాడు. అది ఇరవై కిలోల అంచెల్లో తప్ప చూపించదు. అరవై అంది. అరవై అని రాసి, స్టాంపు వేసి, సెల్యూట్ కొట్టి పంపాడు. నూకరాజు బూట్ల సంచీతో పరవాడ బస్సు ఎక్కాడు.

రెండున్నర నెలలు గడిచాయి. వాడు అక్కడ వారానికో మ్యాచ్ ఆడాడు, వారానికో గోల్ తక్కువ కాకుండా కొట్టాడు. బడ్డీ గోడ మీద వాడి పేరు కింద రెండు కట్టలు పూర్తయ్యాయి. పంపుదామన్న పక్షం ఇప్పుడు ‘అనవసరంగా పంపాం’ అంది. వద్దన్న పక్షం ‘మేం పంపబట్టే కదా ఇంతవాడయ్యాడు’ అంది. అరుపుల మోత మాత్రం అంతే.

ఫిబ్రవరి 26న నూకరాజు పేరున క్రీడల కోటా సర్టిఫికెట్ రాయడానికి కూర్చున్నాను. లీగ్ వాళ్లు పంపిన కాగితంలో మ్యాచ్‌లు ఒక్కొక్కటీ లెక్కవేస్తే తొమ్మిదే ఉన్నాయి. మళ్లీ లెక్కవేశాను. జనవరిలో ఒక మ్యాచ్‌కి ఎదుటి జట్టు రానేలేదు. వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. గెలుపుగా లెక్కే గాని, ఆడిన మ్యాచ్‌గా లెక్క కాదు. మిగిలింది ఒక్కటే మ్యాచ్. అది 28న, మా మీద. పాస్ 27తో ముగుస్తుంది. పాస్ లేకుండా ఆడితే అనుమతి లేకుండా ఆడినట్టు.

పది అని వేళ్ల మీద లెక్కవేసుకుని మురిసిపోయింది నేనే. కుర్రాణ్ని ఫోన్ చేసి పిలిపించాను. వాడికి వాకోవర్ సంగతి జనవరిలోనే తట్టిందట, నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు. “ఆళ్లు ఆడొద్దన్నారు గదా సార్. మాటంటే మాటే. మా అయ్య పడవుంది, ఏదో సేసుకుంతాను” అన్నాడు. పడవ ఎక్కితే కడుపులో తిప్పే మనిషి ఆ మాట అన్నాడు. నాకు సిగ్గనిపించింది.

పాస్ గడువు మార్చి 1 దాకా పొడిగించాలి. పొడిగించాలంటే షరతు పెట్టినవాడి సంతకం కావాలి. అప్పలనాయుడు మధ్యాహ్నం షిఫ్టులో క్రేను మీద ఉన్నాడు. షిఫ్టు మధ్యలో ఆపరేటరు దిగి రాడు. మర్నాడు అతనికి వారపు సెలవు. ఎక్కడికి పోతాడో దేవుడికే ఎరుక. యాభై ఐదేళ్ల వయసులో, తలకు హెల్మెట్, చొక్కా జేబులో పాస్ పెట్టుకుని ఆ ఇనప నిచ్చెన ఎక్కాను. మొదటి మలుపు దగ్గర ఉద్యోగానికి రాజీనామా ఇద్దామనుకున్నాను. రెండో మలుపు దగ్గర కిందికి చూశాను, అది తప్పు. పైకి చేరేసరికి అప్పలనాయుడు నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాగి, ముందు మంచినీళ్లు ఇచ్చాడు.

కింద ఓడలో సరుకు ఉండే అర తెరిచేలోగా పది నిమిషాలు ఖాళీ ఉంది. మొత్తం చెప్పాను. పది మ్యాచ్‌ల నిబంధన, వాకోవర్, మార్చి నెలాఖరు.

“మూడు నెల్లనుంచి ఈ మాట కడుపులో ఎట్టుకుని కూకున్నారా సార్?” అన్నాడు అప్పలనాయుడు. “నాను రోజూ ఇక్కడ దిమ్మలెత్తుతాను. బరువెంతో సెప్పకుండా ఎత్తమంటే ఎత్తుతానేటి? గుంటడి ఉజ్జోగం ఉందని సెప్పకుండా, ఆట గురించి మాట్లాడమని మమ్మల్ని ఒగ్గీసినారు. మేం ఆటే మాట్లాడినాం. మేవేటి, రాచ్చసులమా?”

స్టాంపు గురించి చెప్పబోయి మానేశాను. అతను పాస్‌ని మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. బొగ్గు చేతి వేలిముద్ర కూడా దాని మీద ఉచితంగా పడింది. కాగితం ఇస్తూ ఒక షరతు పెట్టాడు: “ఆడమనండి. గోలు మాత్రం కొట్టొద్దని సెప్పండి. మనకి డ్రా అయితే చాలు, లీగ్ షీల్డు మనదే.” ఆ షరతు రాయడానికి పాస్‌లో గడి లేదన్నాను. నేను నిచ్చెన సగం దిగేలోపు అతను వాకీటాకీ తీశాడు. రహస్య ఫైలులోని నిబంధన, ఉపనిబంధనతో సహా, ఆపరేషన్స్ చానెల్లో పోర్టంతా వినిపించింది. రెండో మెమో కూడా వచ్చింది.

28వ తేదీన మైదానానికి మా వాళ్లు వచ్చినంత మంది అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇబ్బందల్లా ఎవరిని ప్రోత్సహించాలో తెలియకపోవడమే. బంతి నూకరాజు దగ్గరికి వస్తే చప్పట్లు మొదలై, వాడు మా గోల్ వైపు తిరగగానే ఆగిపోయేవి. డెబ్బై నిమిషాల దాకా ఎవరికీ గోల్ లేదు. అప్పుడు నూకరాజు పిక్క పట్టేసి కింద కూర్చున్నాడు. పరవాడ కోచ్ ఇంకో ఆటగాణ్ని లేపి గీత దగ్గర నిలబెట్టాడు.

మా జనం మొత్తం లేచారు. “తియ్యొద్దు! తియ్యొద్దు!” అని కేకలు. అప్పలనాయుడు పరిగెత్తుకెళ్లి ఆ కోచ్‌కి చేతులు జోడించాడు. “గుంటడు బాగా ఆడతన్నాడు సార్, తియ్యకండి” అన్నాడు. ఎదుటి జట్టు జనం వచ్చి తన స్ట్రైకర్ని ఉంచమని బతిమాలితే ఏ కోచ్‌కైనా ఏమనిపిస్తుంది? ఇందులో ఏదో కుట్ర ఉందనుకున్నాడు. కుర్రాణ్ని తీసెయ్యాలని మరింత గట్టిపడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అంతమందికీ తెలిసిన విషయం ఆ కోచ్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. నూకరాజుని చెప్పవద్దన్నది నేను. చెప్పవలసినది కూడా నేనే.

నేను లేచేలోపు నారాయణమ్మ ఫ్లాస్కు పట్టుకుని మైదానం అంచు వెంట నడిచి వెళ్లింది. కోచ్ చేతిలో టీ గ్లాసు పెట్టి, రెండంటే రెండు ముక్కల్లో చెప్పింది: “ఈ ఆట ఆకరి దాకా ఆడితేనే ఆడికి ఉజ్జోగం బాబూ. ఇప్పుడు తీసీసినావంటే మళ్లీ ఏడాది లేదు.” కోచ్ టీ వంక, ఆమె వంక, దూరంగా నా వంక చూశాడు. ఈ ముక్క ముందే చెప్పవచ్చు కదా అని ఆయన పెదవులు కదలడం నాకు ఇవతలికి కూడా తెలిసింది. లేచిన ఆటగాణ్ని కూర్చోబెట్టాడు. పిక్క మర్దన చేసి నూకరాజుని మళ్లీ నిలబెట్టారు. మా వైపు నుంచి పెద్ద చప్పట్లు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో వాడు కుంటుకుంటూనే మా ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి దూరి గోల్ కొట్టాడు.

కొండబాబు అలవాటు కొద్దీ జేబులోంచి బొగ్గుముక్క తీసి, గోడ లేక, తన అరచేతి మీద గీత గీసుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత చివరి విజిల్ మోగింది. షీల్డు పోయింది. నూకరాజు మైదానం మధ్యలో నిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక మా వైపు చూశాడు. అప్పలనాయుడు తలపట్టుకుని కూర్చున్నవాడల్లా లేచి, అందరికంటే ముందు వాడి దగ్గరికి వెళ్లి భుజాల మీద ఎత్తుకున్నాడు. వాణ్ని మోసుకుంటూ నా పక్కనుంచి వెళ్తూ, మొహం చిట్లించి అన్నాడు: “పంపొద్దని నాను మొదటే సెప్పాను సార్.”

మర్నాడు ఉదయం గేటు దగ్గర హవల్దారు నూకరాజుని మళ్లీ వేబ్రిడ్జి ఎక్కించాడు. అరవై. ‘తరుగు లేదు’ అని రాశాడు. తిరిగి వచ్చిన స్థితి అన్న గడి నింపవలసింది నేను. పరీక్ష పూర్తయినది, వస్తువు పంపినప్పటికంటే మెరుగుగా ఉన్నది అని రాసి సంతకం పెట్టాను. ఏప్రిల్లో వాడికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరుకు ఆధారంగా జతచేసిన గేట్ పాస్ మీద హెడ్ ఆఫీసు వివరణ అడిగింది. ఇకమీదట ఈ పాస్ మీద మనుషులను పంపరాదని ఫారం కింద ఒక వాక్యం అచ్చువేయించింది. నా సర్వీసులో నేను విధానపరంగా తెచ్చిన మార్పు అదొక్కటే. వచ్చే సీజన్‌కి పైడిరాజుని ఎవరికైనా లోన్ ఇవ్వవచ్చునా అని బడ్డీలో అప్పుడే చర్చ మొదలైంది. మోకాలి పట్టీలతో సహానా, పట్టీలు ఇక్కడే ఉంచుకునా అన్నదొక్కటే తేలలేదు.

2020లో రిటైరయ్యే దాకా నేను కమిటీలు చాలా నడిపాను. ఆ తర్వాత ఏ సమావేశంలోనూ, అసలు ఏం పోతుందో, ఎవరికి పోతుందో చెప్పకుండా జనం అభిప్రాయం అడగలేదు. బరువెంతో చెప్పకుండా ఎత్తమనకూడదని క్రేను ఆపరేటర్లకు మొదటి రోజే నేర్పుతారు. సంక్షేమాధికారులకు నేర్పరు, నిచ్చెన ఎక్కి నేర్చుకోవాలి.